బోర్డులో యూఎస్‌బీ పోర్టు ఉందని ఛార్జర్ అటక మీద పడేయకండి

ఈ మధ్య కట్టే అపార్ట్‌మెంట్ల బ్రోచర్లు చూడండి, మాడ్యులర్ కిచెన్, వీడియో డోర్ ఫోన్ లాంటి వాటి పక్కనే ‘మంచం దగ్గర యూఎస్‌బీ ఛార్జింగ్ పాయింట్’ అని కూడా ఒక లైను ఉంటోంది. మియాపూర్‌లో మేము తీసుకున్న ఫ్లాట్‌లో కూడా రెండు బెడ్‌రూముల్లో, హాల్లో టీవీ పక్కన వీటిని బిగించి ఇచ్చారు. ఒక్కో మాడ్యూల్‌లో (స్విచ్ బోర్డు ప్లేటులో బిగించే ఒక్కో ముక్కని మాడ్యూల్ అంటారు) పెద్ద మూతి పోర్టులు, అంటే టైప్-ఏ, రెండేసి ఉన్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే గోల వేరే కంపెనీల మాడ్యూళ్లతో కూడా మా బంధువుల ఇళ్లలో చూశాను, పేరు పెడితే మాటంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న దాని మీదకే పోతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. వాచీకి, ఇయర్‌బడ్స్‌కి, అమ్మ వాడే బటన్ ఫోన్‌కి, దోమల బ్యాట్‌కి ఈ పోర్టు చక్కగా సరిపోతుంది. స్మార్ట్‌ఫోన్‌కి రోజూ వాడే మెయిన్ ఛార్జర్‌గా మాత్రం పెట్టుకోకండి. అయితే ‘పోర్టు వీక్‌గా ఉంది’ అని మనం అనుకునే సందర్భాల్లో సగానికి సగం తప్పు పోర్టుది కాదు, కేబుల్‌ది. మిగతా సగంలో తప్పు నిజంగానే పోర్టుది, దానికి కేబుల్ మార్చినా ఉపయోగం లేదు. ఏది ఏదో తేల్చుకోవడం పెద్ద పనేం కాదు, కానీ చెప్పేవాళ్లే లేరు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే ‘లో వోల్టేజ్ సార్’ అంటాడు, కస్టమర్ కేర్‌ని అడిగితే ఫోన్ కంపెనీని అడగమంటారు, ఫోన్ కంపెనీ వాళ్లేమో మా ఛార్జరే వాడండి అంటారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ప్లేటు మీద ఏం రాశారో చూద్దాం. మా దాని మీద మెరిసే అక్షరాలతో ‘3.1 ఆంప్స్’ అని ఉంది. చదివిన ఎవరైనా ఒక్కో పోర్టుకి 3.1 అనుకుంటారు, అనుకోవాలనే అలా రాస్తారు కూడా. మాడ్యూల్ బయటికి తీసి వెనక స్టిక్కర్ చూస్తే అసలు సంగతి ఉంది: 5 వోల్టులు, రెండు పోర్టులకూ కలిపి 3.1 ఆంప్స్, ఒక పోర్టుకి మహా అయితే 2.1. వోల్టులని ఆంప్స్‌తో గుణిస్తే వాట్లు, అంటే మొత్తం మాడ్యూల్ ఇచ్చేదే పదిహేనున్నర వాట్లు. మా ఆవిడ ఫోను, నా ఫోను రెండూ ఒకేసారి పెడితే ఇద్దరికీ తలా ఏడెనిమిది వాట్లు. ఇప్పుడు బజార్లో పది పన్నెండు వేల ఫోన్లు కూడా 18 వాట్లో 33 వాట్లో తీసుకునేవే. కాబట్టి అన్నీ సవ్యంగా ఉన్నా సరే, ఈ పోర్టులో ఫాస్ట్ ఛార్జింగ్ రాదు. రానిది రాలేదని బాధపడటం అనవసరం. ఒక పోర్టు నుంచి రావాల్సిన పది వాట్లు కూడా ఎందుకు రావడం లేదన్నదే ప్రశ్న.

లెక్క ఒకసారి వేసుకుంటే ఎంత తేడానో తెలుస్తుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్లు. మధ్యలో వేడిగా పోయేది కూడా కలిపితే పోర్టు నుంచి 22, 23 దాకా లాగాలి. పోర్టు నిజంగా పది వాట్లు ఇస్తే రెండుంపావు గంటలు, చివర్లో ఫోనే స్పీడు తగ్గించుకుంటుంది కాబట్టి ఇంకో అరగంట వేసుకోండి. అది సర్దుకుపోగలిగిన విషయమే. మా బెడ్‌రూములో మాత్రం రాత్రి పదకొండుకి పెట్టిన ఫోను తెల్లారి లేచేసరికి ఎనభై చిల్లరలో ఉండేది. అంటే మూడు, మూడున్నర వాట్లకు మించి రావడం లేదన్నమాట.

దీని సంగతి తేల్చడానికి కోఠీ వెళ్లి గుజరాతీ గల్లీలో ఒక యూఎస్‌బీ మీటర్ కొన్నాను. బొటనవేలంత ఉంటుంది, ఒక పక్క పోర్టులో గుచ్చి రెండో పక్క కేబుల్ పెడితే చిన్న స్క్రీన్ మీద వోల్టులు, ఆంప్స్ చూపిస్తుంది. కొన్ని వందల రూపాయల వస్తువు. ఫోన్‌లో యాప్ వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. ఆ యాప్‌లు చూపించేది బ్యాటరీలోకి వెళ్లే కరెంటు, పోర్టు నుంచి వచ్చేది కాదు. స్క్రీన్ వెలుగుతుంటే ఒకలా, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే ఇంకోలా ఉంటుంది ఆ నంబరు. ఒక పోర్టుని ఇంకో పోర్టుతో పోల్చడానికి పనికొస్తుందేమో గానీ, తప్పు ఎక్కడుందో చెప్పదు. మీటర్ చెబుతుంది, ఎలాగంటే అది పోర్టుకీ కేబుల్‌కీ మధ్యలో కూర్చుంటుంది.

మొదట ఏమీ పెట్టకుండా చూశాను, 5.1 వోల్టులు, బాగానే ఉంది. తర్వాత రోజూ వాడే రెండు మీటర్ల కేబుల్‌తో ఫోను పెట్టాను. వోల్టులు 5.05 దగ్గర నిలబడ్డాయి, ఆంప్స్ మాత్రం 0.7. మొత్తం కథలో కీలకం ఈ రెండు అంకెలే. పోర్టు దగ్గర వోల్టేజీ కదలకుండా నిలబడి, కరెంటు మాత్రం తక్కువగా ఉందంటే, పోర్టు ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, అవతల తీసుకోవడం లేదని అర్థం. అదే ఫోను పెట్టగానే వోల్టులు 4.5కో 4.6కో జారిపోతే లోపం మాడ్యూల్‌లో ఉన్నట్టు. నాకు మొదటిది కనబడింది. కేబుల్ తీసేసి, ఫోన్ డబ్బాలో వచ్చిన మీటరు పొడవు లావుపాటి కేబుల్ పెట్టాను, అదే పోర్టు, అదే ఫోను. ఆంప్స్ 1.7కి ఎక్కాయి, వోల్టులు 4.95. మూడున్నర వాట్లు కాస్తా ఒక్క కేబుల్ మార్పుతో ఎనిమిది దాటాయి.

కేబుల్ ఇంత పని ఎందుకు చేస్తుందంటే, లోపలి రాగి తీగ సన్నగా ఉంటుంది కాబట్టి. చవక కేబుళ్లలో 28 గేజ్ తీగ వాడతారు, దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకి పెట్టే అడ్డు, మీటరుకి సుమారు 0.21 ఓమ్. రెండు మీటర్ల కేబుల్ అంటే పోవడానికి రెండు, తిరిగి రావడానికి రెండు, నాలుగు మీటర్ల తీగ, దాదాపు 0.85 ఓమ్. రెండు ఆంప్స్ లాగితే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. ఐదులో 1.7 పోతే మిగిలేది 3.3, దాంతో ఫోను అసలు ఛార్జే అవదు. ఫోన్లు తెలివైనవి, మూతి దగ్గర వోల్టేజీ నాలుగున్నర వోల్టుల కిందికి జారుతోందని చూడగానే కరెంటు లాగడం తగ్గించుకుంటాయి. అందుకే నా పాత కేబుల్ మీద ఫోను 0.7 దగ్గర ఆగిపోయింది. పాడైపోయి కాదు, జాగ్రత్తపడి. పైన అల్లిక గుడ్డ, మెరిసే రంగులు, లైటు వెలిగే పిన్ను, వీటిని చూసి కేబుల్ కొనకండి. పొడవు తక్కువదీ, ప్యాకెట్ మీద ఎన్ని ఆంప్సో రాసినదీ చూసి కొనండి. మంచానికీ బోర్డుకీ దూరమైతే మంచమే జరపండి అని నేనంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు లెండి.

కేబుల్ తర్వాత చూడాల్సింది ఫోను మూతి. చొక్కా జేబులో, జీన్స్ జేబులో తిరిగే ఫోన్ పోర్టులో నూలు పీచు చేరి గట్టిపడి అడుగున మెత్తలా కూర్చుంటుంది. పిన్ను పూర్తిగా లోపలికి దిగదు, చెయ్యి తగిలితే ఛార్జింగ్ ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఫోను ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గోకితే వచ్చేస్తుంది. పిన్నీసు మాత్రం పెట్టొద్దు. గోడలో ఉన్న టైప్-ఏ పోర్టుకీ ఆయుష్షు ఉంటుంది. ఆ సాకెట్‌ని 1500 సార్లు పెట్టి తీయడాన్ని లెక్కలో పెట్టుకుని తయారు చేస్తారు, టైప్-సీ అయితే 10,000. ఇంట్లో పిల్లలు గేమ్ ఆడుతూ వైరు పక్కకి లాగుతూ ఛార్జింగ్ పెడితే అంతదాకా కూడా రాదు. మా చిన్న బెడ్‌రూము పోర్టులో కేబుల్ దాని బరువుకే కిందికి వాలిపోతుంది, రీడింగ్ కూడా గెంతుతూ ఉంటుంది. దాన్ని మార్చడం తప్ప మందు లేదు.

ఇంకో రకం వీక్‌నెస్ ఉంది, ఇది కేబుల్ మారిస్తే పోదు. ఏ కేబుల్ పెట్టినా, ఏ టైములో చూసినా కరెంటు సరిగ్గా 0.5 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. ఫోన్ మీద ‘నెమ్మదిగా ఛార్జ్ అవుతోంది’ అని వస్తుంది. ఇది మాటలు కలవని గొడవ. యూఎస్‌బీ అన్నది మొదట్లో కీబోర్డు, మౌస్ లాంటివాటి కోసం వచ్చింది, కంప్యూటర్ పోర్టు ఇచ్చేది 5 వోల్టుల్లో అర ఆంపే. 2010లో వచ్చిన బ్యాటరీ ఛార్జింగ్ 1.2 అనే నియమాల ప్రకారం, ‘నేను కంప్యూటర్‌ని కాదు, ఉత్త ఛార్జర్‌ని, ఒకటిన్నర ఆంప్స్ దాకా తీసుకో’ అని చెప్పడానికి ఛార్జర్‌లోపల రెండు డేటా పిన్నులనూ ఒకదానికొకటి కలిపేస్తారు. ఫోను అది చూసి ధైర్యంగా ఎక్కువ లాగుతుంది. ఆపిల్ వాళ్ల పద్ధతి వేరు, ఆ పిన్నుల మీద ఇన్ని వోల్టులుండాలని ఒక లెక్క పెట్టుకున్నారు. కాస్త మంచి మాడ్యూల్‌లో ఒక చిన్న చిప్ ఉంటుంది, ఎదుటి ఫోన్ ఏ భాష మాట్లాడుతుందో చూసి అదే మాట్లాడుతుంది. కక్కుర్తి పడి ఆ చిప్ తీసేసినా, పిన్నుల్ని ఊరికే వదిలేసినా ఫోను అనుమానపడి అర ఆంపుతో సరిపెట్టుకుంటుంది. డేటా తీగలు లేని ‘ఛార్జింగ్ ఓన్లీ’ కేబుళ్లతో కూడా ఇదే జరగొచ్చు, కాబట్టి డేటా పంపగలిగే కేబుల్‌తో ఒకసారి చూశాకే పోర్టుని తిట్టండి.

వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. వీటి సూపర్‌వూక్ లాంటి ఛార్జింగ్ వాళ్ల ఛార్జర్‌కీ, వాళ్ల కేబుల్‌కీ, వాళ్ల ఫోన్‌కీ మధ్య ఉన్న సొంత ఒప్పందం. గోడలో ఉన్న మామూలు 5 వోల్టుల పోర్టుకి ఆ భాష రాదు. 80 వాట్ల ఫోను ఈ పోర్టులో పెడితే పది వాట్లకు అటూ ఇటూ తీసుకుంటుంది, పాపం దాని తప్పేం లేదు. ‘నా ఫోన్ అరగంటలో ఫుల్ అయ్యేది, ఈ బోర్డు దరిద్రం’ అని మా బావమరిది తిడుతుంటే ఇదే చెప్పాను. అర్థమైంది గానీ తిట్టడం ఆపలేదు.

ఇక వేడి. నన్ను బాగా చిరాకు పెట్టింది ఇదే, కస్టమర్ కేర్‌తో గొడవ కూడా దీని మీదే. మంచి కేబుల్‌తో 1.7 ఆంప్స్ వస్తోందని చెప్పాను కదా, పక్క పోర్టులో రెండో ఫోను కూడా పెట్టి వదిలేశాను. గంట తర్వాత చూస్తే నా పోర్టు దగ్గర వోల్టులు 4.6కి దిగాయి, ఆంప్స్ ఒకటికి పడిపోయాయి. ప్లేటు మీద చెయ్యి పెడితే వెచ్చగా కాదు, వేడిగా ఉంది. ఫోన్ నలభై శాతంలోనే ఉంది కాబట్టి బ్యాటరీ నిండి తగ్గించుకుందని అనుకోవడానికి లేదు. ఇది మాత్రం ముమ్మాటికీ మాడ్యూల్ లోపమే, వోల్టేజీ అక్కడే జారింది.

కారణం తెలియాలంటే ప్లేటు విప్పాలి. ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి మెయిన్‌లో ఆ లైను ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసి, ఆరు మాడ్యూళ్ల ప్లేటు ముందుకి లాగాడు. వెనక మెటల్ బాక్సులో వైర్లు ఉండలు చుట్టుకుని కుక్కి ఉన్నాయి. ఒక పక్క ఫ్యాన్ రెగ్యులేటర్, రెండో పక్క యూఎస్‌బీ మాడ్యూల్, దాని వీపు మీద ఎయిర్ కండిషనర్ లైను లావు వైరు ఒకటి ఒరుసుకుంటూ పోతోంది. గాలి ఆడే సందే లేదు. ఈ మాడ్యూల్ లోపల ఉన్నది మామూలు ఫోన్ ఛార్జరే, 230 వోల్టుల ఏసీని 5 వోల్టుల డీసీ చేసే చిన్న సర్క్యూట్. పదిహేను వాట్లు బయటికిస్తే రెండు మూడు వాట్లు లోపల వేడిగా మిగులుతాయి. గోడ సాకెట్‌కి వేలాడే ఛార్జర్ చుట్టూ గాలి ఉంటుంది, దీని చుట్టూ సిమెంటు. పైగా మే నెలలో పడమటి గోడ అయితే ఇక చెప్పక్కర్లేదు. వేడి పెరిగితే సర్క్యూట్ తనని తాను కాపాడుకోవడానికి ఇచ్చే కరెంటు తగ్గించుకుంటుంది. అది మంచిదే, తగ్గించుకోకపోతే కాలిపోతుంది. కానీ అలాంటప్పుడు ప్లేటు మీద 3.1 అని రాయడమెందుకు?

అన్నేమో మెయిన్ వోల్టేజీ చూసి, 205 ఉంది, అందుకే తక్కువ వస్తోంది అన్నాడు. ఈ మాట చాలామంది ఎలక్ట్రీషియన్లు అంటారు, ఫ్యాన్ల విషయంలో నిజమే కూడా. వీటి విషయంలో కాదు. స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ఉంది. 205 కాదు 180 ఉన్నా అవతల 5 వోల్టులే వస్తాయి. స్టెబిలైజర్ పెట్టించినా లాభం ఉండదు. ఫేజ్ వైరు స్క్రూ లూజైతే మాత్రం ఛార్జింగ్ ఆగి ఆగి వస్తుంది, కొంచెం చిటపట శబ్దం వినొచ్చు, అది వెంటనే బిగించుకోవాల్సిన సంగతి. మాకు ఆ ఇబ్బంది లేదు.

హాల్లో మాడ్యూల్ ఈలోగా పూర్తిగా చచ్చిపోయింది. పారేసే ముందు మూత విప్పి చూశాను. లోపల బోర్డు ఒక మూల గోధుమరంగుకి తిరిగింది, 5 వోల్టుల వైపున్న గుండ్రటి కెపాసిటర్ తల ఉబ్బి ఉంది, చుట్టూ ఏదో బంక ఎండిపోయినట్టు మరక. కెపాసిటర్లకి వేడంటే పడదు. లోపలి ద్రవం ఎండిపోయేకొద్దీ ఏమీ పెట్టనప్పుడు 5 వోల్టులు చూపిస్తూనే, లోడు పడగానే జారిపోతుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉండేది, నెమ్మదిగా వీక్ అయింది’ అని ఎవరైనా అంటే నేను ముందు అనుమానించేది ఇదే. మా హాల్ మాడ్యూల్‌కి స్విచ్ కూడా లేదు, నేరుగా లైనుకి కలిపారు, ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంటుంది. వానాకాలంలో వీధిలో న్యూట్రల్ తెగితే ఇళ్లలోకి 230 బదులు 400 దాకా వచ్చి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోవడం మన కాలనీల్లో కొత్తేమీ కాదు, అలాంటప్పుడు ఎప్పుడూ ఆన్‌లో ఉండే మాడ్యూలూ ముందు వరసలోనే ఉంటుంది.

కస్టమర్ కేర్ గురించి క్లుప్తంగా. ఫోన్ ఎత్తారు, మర్యాదగానే మాట్లాడారు. “సార్, ఒరిజినల్ కేబుల్ వాడుతున్నారా?” అని అడిగారు, అది సరైన ప్రశ్నే. వాడుతున్నానని చెప్పి, చల్లగా ఉన్నప్పుడు ఇంత, గంట తర్వాత ఇంత అని రీడింగులు చెప్పాను. “బయటి మీటర్ రీడింగులు మేము తీసుకోం సార్, మా టెక్నీషియన్ చూడాలి, బిల్లు ఉందా?” బిల్లు నా దగ్గరెందుకుంటుంది, బిల్డర్ హోల్‌సేల్‌లో కొన్నాడు. బిల్డర్ ఆఫీసులో అడిగితే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ దగ్గర ఉంటుందన్నారు, ఆ కాంట్రాక్టర్ ఇప్పుడు వేరే సైటులో ఉన్నాడు, ఫోన్ చేస్తే రేపు చూస్తానంటాడు. ఆ రేపు ఇంకా రాలేదు. కొత్త ఫ్లాట్ తీసుకునేవాళ్లు తాళాలు తీసుకునే రోజే స్విచ్చులు, మాడ్యూళ్ల బిల్లు కాపీ అడిగి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ రోజు అందరూ నవ్వుతూ ఇస్తారు.

చివరికి ట్రూప్ బజార్ వెళ్లాను. “ఏ సిరీస్ అన్నా మీ ప్లేట్?” అని అడిగాడు షాపతను, అది ముఖ్యమైన ప్రశ్న. ఒక కంపెనీ మాడ్యూల్ ఇంకో కంపెనీ ప్లేటులో కూర్చోదు, ఒక్కోసారి అదే కంపెనీ వేరే సిరీస్ కూడా కూర్చోదు. కాబట్టి పాత మాడ్యూల్ జేబులో వేసుకుని వెళ్లండి, ఎన్ని మాడ్యూళ్ల స్థలం ఆక్రమిస్తుందో, వెనక లోతు ఎంతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కొత్తది పాతదానికంటే లోతుగా ఉంటే మీ మెటల్ బాక్సులో వైర్ల మీద ఒత్తుకుంటుంది. నేను తీసుకున్నది 20 వాట్ల పవర్ డెలివరీ (పీడీ) మాడ్యూల్, ఒక టైప్-సీ, ఒక టైప్-ఏ. రెండు వేలకు అటూ ఇటూ అయింది, పాత రకం కంటే రెట్టింపు.

ఇది ఎలా ఉందంటే, టైప్-సీ ఒక్కటే వాడినప్పుడు చాలా బాగుంది. మీటర్ మీద 8.9 వోల్టులు, రెండు ఆంప్స్, పద్దెనిమిది వాట్లకి దగ్గరగా. పీడీ అంటే ఫోనూ ఛార్జరూ మాట్లాడుకుని 5 వోల్టుల నుంచి 9కి పెంచుకుంటాయి. 18 వాట్లు 5 వోల్టుల్లో తేవాలంటే 3.6 ఆంప్స్ పంపాలి, సన్న కేబుల్‌లో అది కుదిరే పని కాదు. 9 వోల్టుల్లో అయితే రెండు ఆంప్స్ చాలు, దారిలో అర వోల్టు పోయినా ఫోను పట్టించుకోదు. ఊళ్ల మధ్య కరెంటుని 132 కేవీ, 220 కేవీ లైన్లలో పంపేదీ ఇందుకే కదా. మా ఆవిడ ఐఫోన్‌కి ఇది సరిగ్గా సరిపోయింది, ఆ ఫోన్‌కి ఇంకో ఛార్జర్ కొనే పని తప్పింది. సామ్‌సంగ్ వాళ్ల 25 వాట్ల ఛార్జింగ్ కావాలంటే మాత్రం పీపీఎస్ అని వెనక రాసి ఉండాలి, వోల్టేజీని చిన్న చిన్న మెట్లలో సర్దే పద్ధతి అది. నా దానిలో లేదు, కాబట్టి మా నాన్న ఫోన్ ఫాస్ట్ అంటుంది గానీ సూపర్ ఫాస్ట్ అనదు. లాప్‌టాప్ సంగతి మర్చిపోండి, దానికి సాధారణంగా 20 వోల్టుల్లో 45, 65 వాట్లు కావాలి.

పక్కన టైప్-ఏ లో కూడా ఏదైనా గుచ్చగానే కథ మారుతుంది. ఒక సెకను రెండూ ఆగి, మళ్లీ మొదలవుతాయి, ఈసారి సీ పోర్టు కూడా 5 వోల్టులకి దిగిపోతుంది, రెండిటికీ కలిపి 15 వాట్లే. చవక రెండు పోర్టుల ఛార్జర్లు చాలా వరకు ఇలాగే చేస్తాయి. ‘మొన్న ఫాస్ట్‌గా అయింది, ఇవాళ కావట్లేదు’ అనే ఫిర్యాదుకి కారణం కొన్నిసార్లు పక్క పోర్టులో ఊరికే వేలాడుతున్న ఖాళీ పవర్ బ్యాంకు. ఛార్జ్ పూర్తయిన ఇయర్‌బడ్స్ డబ్బా ఉన్నా కొన్ని మాడ్యూళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుని సీ పోర్టుని 5 దగ్గరే ఉంచేస్తాయి. తీసి చూడండి.

ఇంకో వింత. కొత్త సీ పోర్టులో మా అబ్బాయి నెక్‌బ్యాండ్ అసలు ఛార్జే కావడం లేదు. ఫోను అవుతోంది, నెక్‌బ్యాండ్ కాదు. పోర్టు పాడైందని వాపస్ ఇచ్చేయబోయాడు. సంగతేమిటంటే, సీ నుంచి సీ కేబుల్‌లో అవతలి వస్తువు ‘నేనున్నాను’ అని చెప్పేదాకా ఛార్జర్ కరెంటు వదలదు. చెప్పడానికి ఆ వస్తువు లోపల 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్లు ఉండాలి. చవక నెక్‌బ్యాండ్లు, ట్రిమ్మర్లు, రీఛార్జబుల్ టార్చిలైట్లలో పైసలు మిగిల్చుకోవడానికి వాటిని పెట్టరు. పాత టైప్-ఏ కేబుల్‌తో పెడితే వెంటనే ఎర్ర లైటు వెలిగింది, టైప్-ఏ పోర్టులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. అందుకే రెండు సీ పోర్టులున్న మాడ్యూల్ ఎంత ముచ్చటగా ఉన్నా, ఒక సీ, ఒక ఏ ఉన్నదే తీసుకోమంటాను.

వేడి విషయంలో కొత్తదీ పూర్తిగా బయటపడలేదు. వైర్లు సర్ది, రెగ్యులేటర్‌ని ప్లేటులో ఆ చివరికి జరిపించాను. ఇప్పుడు ఎండ తగిలే గోడ మీద కూడా గంట తర్వాత పదహారు వాట్ల దగ్గర నిలబడుతోంది. ఇది నాకు చాలు. ఇరవై అని రాసి పదహారు నిలకడగా ఇస్తే నేను ఒప్పుకుంటాను, పదిహేనున్నర అని రాసి గంటకే ఎనిమిది తొమ్మిదికి దిగిపోయేదాన్ని ఒప్పుకోను.

కార్ల వాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. స్టీరియో కింద ఉండే పోర్టు పాటలకి, ఆండ్రాయిడ్ ఆటోకి పెట్టింది, చాలా కార్లలో అది అర ఆంపో ఒక ఆంపో ఇస్తుంది. మ్యాప్స్ నడుస్తూ, స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో, అద్దం కింద ఎండలో ఫోను తినేదే అంతకంటే ఎక్కువ. విజయవాడ దాకా ఛార్జింగ్ పెట్టే ఉంచినా పర్సెంటేజీ తగ్గిందని తిట్టుకోవడం అందుకే. 12 వోల్టుల సాకెట్‌లో మంచి పీడీ ఛార్జర్ గుచ్చుకోండి, గొడవ తీరిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులకి తగిలించి వచ్చే యూఎస్‌బీల గురించి చెప్పడానికి ఏమీ లేదు, నాలుగు పోర్టులకీ కలిపి రెండు ఆంప్స్ ఇచ్చేవి కూడా చూశాను.

బిల్డర్ బిగించిన పాత మాడ్యూల్‌కి ఐదుకి రెండు. ఆ రెండూ బెడ్‌లైటు పక్కన వాచీ ఛార్జర్‌కి ఇంకో ప్లగ్గు అక్కర్లేకుండా చేసినందుకు. కొత్త పీడీ మాడ్యూల్‌కి మూడున్నర, రెండు పోర్టులు వాడితే 5 వోల్టులకి దిగిపోతుంది కాబట్టి ఒకటి, పీపీఎస్ లేదని అర కోశాను. రెండు వేలు ఖర్చుపెట్టడం అవసరమా అంటే, ఆ డబ్బుకి 33 వాట్ల ఛార్జరూ లావుపాటి మీటరు కేబులూ కూడా వచ్చేస్తాయి, పాడైతే పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. గోడలోనే ఉండాలి, వైర్లు వేలాడకూడదు అనుకునేవాళ్లు పీడీ మాడ్యూలే తీసుకోండి. ఇల్లు ఇంకా వైరింగ్‌లో ఉంటే కాంట్రాక్టర్‌కి రెండు మాటలు చెప్పండి: ఆ మాడ్యూల్‌కి పక్కనే సొంత స్విచ్ ఉండాలి, దాని పక్కన ఫ్యాన్ రెగ్యులేటర్ ఉండకూడదు. మంచం పక్క మామూలు ఐదు ఆంపుల సాకెట్ తీసేసి దాని చోట్లో యూఎస్‌బీ పెడతానంటే మాత్రం వద్దనండి.